ఇస్త్రీ కావాలి గానీ ఇస్త్రీ బండి వద్దా?

గేటెడ్ కమ్యూనిటీల, అపార్ట్‌మెంట్ల సంఘాల కార్యవర్గ సభ్యులకు, మున్సిపల్ అధికారులకు, విద్యుత్ శాఖ వారికి,

నమస్కారం. మాది ఇస్త్రీ బండి. హైదరాబాద్‌లో పడమటి వైపు, ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ పక్కన కానుగ చెట్టు కింద మా అమ్మానాన్నలు చాలా ఏళ్లుగా బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. నేను డిగ్రీ చదివి ఒక చిన్న ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలూ ఆదివారాలూ వాళ్లతో పాటు ఇస్త్రీ పెట్టె పడతాను. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున లారీ వచ్చి బండి ఎక్కించుకుని పోయింది. నోటీసు లేదు. పెట్టె, దుప్పట్లు పరిచిన బల్ల, నీళ్ల డబ్బా అన్నీ పోయాయి. అప్పటికే మూటలు కట్టి పెట్టిన బట్టల్ని మా అమ్మ అడ్డం పడి దించుకుంది, అవి మావి కావు కదా, ఎవరి చొక్కా పోయినా మేమే కట్టాలి. సంఘం వాళ్లు ఫిర్యాదు చేశారని తర్వాత తెలిసింది. అర్జీ పెట్టుకుంటే రసీదు ఇచ్చారు, జవాబు మాత్రం రాలేదు. సంఘం పెద్దల్ని కలుద్దామని పోతే "మీటింగులో పెడతాం" అన్నారు. పెట్టారో లేదో మాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇలా నలుగురికీ కనబడేలా రాయాల్సి వస్తోంది.

ఆ సంఘంలో ఒక సార్ మా నాన్నతో అన్నమాట ఒకటుంది. "ఈ రోజుల్లో ఇస్త్రీ చేయించుకునేదెవరు పెద్దాయనా, అందరూ టీషర్టులే కదా, ఇంకో పని చూసుకోరాదూ." సార్ మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ ఇదే మాట ఆఫీసుల్లో కూడా వినిపిస్తోంది, దీన్నే కారణంగా చూపించి మాకు చోటు ఎందుకులే అనేస్తున్నారు, కాబట్టి ముందు దీనికి జవాబు చెప్తా. ఎవరింట్లో ఏ బట్టకి ఇస్త్రీ పడుతోందో మాకంటే తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు.

తగ్గింది, నిజమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఆఫీసులూ బడులూ ఒకేసారి మూతపడ్డాయి, మా బల్ల మీద దుమ్ము పేరుకుంది. తర్వాత ఆఫీసులు తెరిచినా ఐటీ వాళ్లు వారానికి రెండు మూడు రోజులే వెళ్తున్నారు, ఇదివరకు వారానికి ఐదు జతలు ఇచ్చే ఇంటి నుంచి ఇప్పుడు రెండో మూడో వస్తాయి. కుర్రాళ్లు జీన్సు అసలు ఇవ్వరు. దుప్పట్లు, దిండు గలీబులు ఒకప్పుడు మూటలో సగం అవే ఉండేవి, ఇప్పుడు ఎవరో ఒకరిద్దరు పెద్దవాళ్లు తప్ప ఇవ్వడం లేదు, మిషన్‌లోంచి తీసి ఆరేసి అట్లాగే పరిచేస్తున్నారు. దాంట్లో తప్పేం లేదు, నన్నడిగితే దుప్పటికి ఇస్త్రీ దండగ, ఒక్క రాత్రి పడుకుంటే పోయే ముడతలు అవి. హోటళ్లలో, ఆస్పత్రుల్లో తెల్ల దుప్పట్లు నున్నగా కనిపిస్తాయి గానీ, పెద్ద హోటళ్లలో వాటిని వేడి రోలర్ల మధ్య నుంచి లాగే మిషన్లున్నాయి, ఆ పని మా చేతికి రాదు. కర్టెన్లు దసరాకి ముందు, సంక్రాంతికి ముందు వస్తాయి, అంతే.

కానీ మిగిలినవి చూడండి. బడి యూనిఫాంలు. వారంలో ఒకటి రెండు రోజులు తెల్ల డ్రెస్సు ఉన్న బడులైతే మరీను, ముందు రోజు సాయంత్రం ఏడు దాటాక పిల్లాడి చేతికి కవరిచ్చి పరిగెత్తిస్తారు, "అన్నా, రేపు పొద్దున ఏడింటికి బస్సు". బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, లాయర్ల తెల్ల చొక్కాలు, డ్రైవర్ల ఖాకీ, మీ గేటు దగ్గర నిలబడే సెక్యూరిటీ వాళ్ల యూనిఫాం (నలిగిందని వాళ్లకి జీతంలో కోత పెడతారట, వాళ్లే చెప్పారు). ఇంటర్వ్యూకి పోయే పిల్లల ఫార్మల్సు. ఇక చీరలు. గంజి పెట్టిన మంగళగిరి, వెంకటగిరి కాటన్ చీర ఇంట్లో చేసుకుని చూడండి ఎంత కష్టమో. నీళ్లు చిలకరించి, చుట్టి కాసేపు పదును పట్టనివ్వాలి, తర్వాత ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగాలి, అప్పుడు గానీ పెట్టె పెట్టకూడదు. గద్వాల జరీ అంచు మీద నేరుగా పెట్టె పెడితే నల్లబడుతుంది, పైన పల్చటి బట్ట వేసి చేయాలి. ఇప్పుడందరూ కొంటున్న స్టీమర్లు వేలాడే గౌనుకి, కుర్తాకి పనికొస్తాయి గానీ చొక్కా చేతికి మడత తేవడం వాటివల్ల కాదు. చొక్కా అంటే ముందు కాలరు, అది కొసల నుంచి లోపలికి చేయాలి, మధ్యలోంచి బయటికి తోస్తే కొస దగ్గర ముడత చేరుతుంది. తర్వాత భుజాల పట్టీ, కఫ్‌లు, చేతులు, వీపు, చివరికి గుండీల పట్టీ. మా అమ్మ ఇది మాట్లాడుతూనే చేసేస్తుంది, గుండీల మధ్యకి పెట్టె ముక్కు పోతుంటే చూపు అక్కడ ఉండదు, రోడ్డు మీద ఎవరు వస్తున్నారో చూస్తుంటుంది.

కాబట్టి ఇస్త్రీ ఎవరూ మానలేదు. ఏవి ఇస్త్రీ చేయించాలి, ఏవి వద్దు అన్నది మారింది, అంతే. మీ సంఘం మా బండి తీయించిన నెలలోనే లోపల ఒక కంపెనీ వాళ్లకి ఇస్త్రీ కోసం జాగా ఇచ్చింది, యాప్‌లో బుక్ చేయాలి. మేం ఒక్కో బట్టకి పది రూపాయలు తీసుకునేవాళ్లం, వాళ్లు ఎంత తీసుకుంటున్నారో మీకే తెలుసు. ఇస్త్రీకి గిరాకీ లేకపోతే ఆ కంపెనీ ఎందుకొచ్చినట్టు? చేసేవాళ్లు కనబడకుండా పని మాత్రం అయిపోవాలి, ఇదీ అసలు సంగతి.

పర్యావరణం మాట కూడా వస్తోంది కనుక అదీ చెప్పుకుందాం. 2024 మేలో సీఎస్‌ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) వాళ్లు 'రింకిల్స్ అచ్ఛే హై' అని ఒక ప్రచారం పెట్టారు, సోమవారాలు ఇస్త్రీ చేయని బట్టలు వేసుకుందాం అని. మన హైదరాబాద్‌లోనే వాళ్ల పరిశోధన సంస్థలు మూడు ఉన్నాయి. ఒక జత బట్టల ఇస్త్రీకి 200 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుందని వాళ్ల లెక్క. శాస్త్రవేత్తలతో వాదించేంత చదువు నాకు లేదు, వాతావరణం గురించి వాళ్లు చెప్పేది నిజమే. కానీ పెట్టె పట్టేవాడిగా చిన్న లెక్క నాకూ తెలుసు. వెయ్యి వాట్ల పెట్టె గంట ఆగకుండా కాగితే ఒక యూనిట్. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే 200 గ్రాములంటే ఆ పెట్టె దాదాపు 17 నిమిషాలు ఆగకుండా కాగినట్టు. ఇంట్లో పెట్టె వేడెక్కేదాకా ఆగి, ఫోన్ చూసుకుంటూ ఒక్క జత చేసి, స్విచ్చి ఆపడం మర్చిపోయి మళ్లీ వచ్చేవాళ్లకి ఆ లెక్క సరిపోవచ్చు. మేం కాగిన పెట్టెతో వరసగా చేసుకుంటూ పోతాం, ముందు పాలిస్టరు, చివరికి కాటను, జతకి ఏడెనిమిది నిమిషాలు. నాలుగు వందల ఇళ్లలో నాలుగు వందల పెట్టెలు వేడెక్కడం కంటే ఒక బండి దగ్గర ఒక పెట్టె వేడెక్కడం నయం కాదా? ముడతల బట్టలేసుకుని సోమవారం ఆఫీసుకి పోయే సార్లకి అది ఒక ముచ్చట. అదే ముడతలతో మా నాన్న ఆఫీసులోకి అర్జీ పట్టుకుని పోతే లోపలికి కూడా రానివ్వరు, ఈ తేడా కూడా గుర్తుపెట్టుకోండి.

ఇక మా బండి పోయాక ఏమైందో వరసగా చెప్తా.

1. ముందు మా ఇంటి సంగతి. మెయిన్ రోడ్డు అవతల ఒక టైర్ల షాపు పక్కన తాత్కాలికంగా నిలబడుతున్నాం. నీడ లేదు. షాపాయన దయతలచి వైరు ఇచ్చాడు గానీ కరెంటు ఆయన చెప్పిన రేటుకే కట్టాలి, ఆయన షాపు మూస్తే మా పెట్టె చల్లారిపోతుంది. దాంతో అమ్మ మళ్లీ పాత బొగ్గుల పెట్టె తీసింది. అది ఆరేడు కిలోలు ఉంటుంది, ఈ వయసులో రోజంతా దాన్ని తోస్తే భుజం ఏమవుతుందో డాక్టరు చెప్పక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం నిప్పుల పెట్టె పట్టుకుని రోడ్డు పక్కన నిలబడటం ఎలా ఉంటుందో ఎవరైనా ఒక గంట వచ్చి చూడొచ్చు. పైగా నిప్పురవ్వ ఎగిరి తెల్ల చొక్కా మీద పడితే ఆ చొక్కా ఖరీదు మా రెండు మూడు రోజుల సంపాదన.

2. ఆ కమ్యూనిటీలో వంటపనికి, ఇంటిపనికి వచ్చే ఆడవాళ్లు తమ పిల్లల యూనిఫాంలు మా దగ్గర పడేసి పోయేవాళ్లు, వాళ్ల దగ్గర మేం పూర్తి డబ్బులు తీసుకునేవాళ్లం కాదు. వాళ్లు యాప్‌లో బుక్ చేయలేరు. ఇప్పుడు రాత్రి ఇంటికి పోయాక వాళ్లే చేసుకుంటున్నారు, లేకపోతే పిల్లాడు నలిగిన చొక్కాతో పోయి ప్రేయర్‌లో నిలబడుతున్నాడు.

3. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఆంటీ ఒక్కరే ఉంటారు, నాన్న పైకెళ్లి బట్టలు తెచ్చి, మళ్లీ ఇచ్చి, ఆ చేత్తోనే గ్యాస్ సిలిండరు జరిపి, బల్బు మార్చి వచ్చేవాడు. ఇది ఇస్త్రీ లెక్కలోకి రాదు, తెలుసు. ఒక ఆంటీ మొన్న ఫోన్ చేసి "ఏమయ్యా, మమ్మల్ని మర్చిపోయావా" అంటే నాన్న ఏం చెప్పాలో తెలీక "గేటు కాడ ఆపుతున్నరమ్మా" అని పెట్టేశాడు.

4. మాలాంటి బండ్లు ఆ రోడ్డు మీద ఇంకా ఉండేవి. అందరూ ఊళ్లలో చెరువులెండి, రేవులు పోయి, ఇంటింటికీ వాషింగ్ మిషన్ వచ్చి బట్టలుతికే పని పోయాక ఈ ఊరికి వచ్చినవాళ్లే. ఉతుకుడు పోయినా ఇస్త్రీ మిగిలింది అనుకున్నారు. కొందరు ఇప్పటికే సెక్యూరిటీ గార్డులయ్యారు, ఇంకొకాయన ఊరికి పోయాడు.

దీంట్లో చట్టం ఏముందో కూడా చెప్పాలి, ఎందుకంటే "రోడ్డు మీ జాగా కాదు" అని మాకు చెప్పినవాళ్లు దాన్ని చదివినట్టు లేదు. వీధి వ్యాపారుల చట్టం, 2014. సరుకు అమ్మేవాళ్లనే కాదు, వీధిలో జనానికి సేవలు అందించేవాళ్లని కూడా అది వీధి వ్యాపారులుగానే లెక్కేస్తుంది. వీధి వ్యాపారుల సర్వే పూర్తి చేసి, వ్యాపారం చేసుకోవచ్చని సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని ఖాళీ చేయించకూడదని మూడో సెక్షన్ చెప్తోంది. ఆ సర్వే కనీసం ఐదేళ్లకోసారి జరగాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు. సామాను పట్టుకుపోతే, పాడయ్యే సరుకు కాకపోతే, అడిగిన రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. మా ఇస్త్రీ పెట్టె కూరగాయ కాదు, పాడవదు, అయినా ఇంకా రాలేదు. వీధి వ్యాపారుల సంగతులు చూసే వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మా ఏరియా కమిటీలో ఇస్త్రీ పని చేసేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? అడిగితే చెప్పినవాళ్లు లేరు.

ఇంకో సంగతి, ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనను. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీ షాపులకు, దోబీ ఘాట్లకు, సెలూన్లకు నెలకి 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం అన్నారు. మంచి పథకం. రోజుకి ఐదారు యూనిట్లు కాలినా నెలకి 180 దాటదు, హాయిగా సరిపోతుంది. కానీ మీటరు కావాలంటే షాపు ఉండాలి, షాపు ఉండాలంటే అద్దె కాగితం కావాలి, బండికి అద్దె కాగితం ఎవరిస్తారు? షాపు పెట్టుకోగలిగినవాడికి ఫ్రీ కరెంటు వచ్చింది, చెట్టు కింద ఉన్నవాడు మాత్రం పక్క షాపాయనకి ఎక్కువ రేటు కడుతున్నాడు. వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి అప్పుల్లో లాండ్రీ పని ఉంది. చేతివృత్తుల వాళ్ల కోసం 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో చాకలి పని కూడా ఒకటి, పనిముట్లకి 15,000 రూపాయల దాకా ఇస్తామంటున్నారు. కొత్త పెట్టె కొనుక్కోవచ్చు, బానే ఉంది, దాన్ని ఏ గోడకి తగిలించాలి? సెప్టెంబర్ వస్తే చాకలి ఐలమ్మ జయంతి అధికారికంగా జరుపుతున్నారు, 2024లో కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టారు, మాకందరికీ సంతోషమే, మా అమ్మ ఆ వార్త పేపర్లోంచి కత్తిరించి దాచుకుంది కూడా. ఐలమ్మ కొట్లాడింది తాను సాగు చేసుకుంటున్న భూమి కోసం. మేం అడిగేది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు.

అడుగుతున్నవి ఇవీ:

1. మా బండి, పెట్టె, బల్ల వెంటనే తిరిగి ఇవ్వండి. జరిమానా ఏదైనా ఉంటే కాగితం మీద రాసివ్వండి, నోటి మాటగా వద్దు.

2. సర్వేలో ఇస్త్రీ బండ్లని వదలకుండా రాయండి. సర్వేకి వచ్చే కుర్రాళ్లు టిఫిన్ బండ్లు, పండ్ల బండ్లు ఫోటోలు తీసుకుని పోతారు, చెట్టు కింద బల్ల చూస్తే ఆగరు. కమిటీలో మా పని చేసే ఆడవాళ్లకి చోటు ఇవ్వండి, ఎందుకంటే పెట్టె పట్టేది ఎక్కువగా వాళ్లే.

3. సర్టిఫికెట్ ఉన్న బండికి అదే అడ్రసు రుజువుగా తీసుకుని చిన్న మీటరు ఇవ్వండి, 250 యూనిట్ల పథకం దానికీ వర్తింపజేయండి. స్తంభం నుంచి దొంగ వైరు లాగాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ ఉండదు, లైన్‌మన్‌కీ టెన్షన్ ఉండదు. కరెంటు ఇవ్వడం కుదరదంటే గ్యాస్‌తో నడిచే ఇస్త్రీ పెట్టెలున్నాయి, చిన్న సిలిండరు మీద నడుస్తాయి, వాటినైనా సబ్సిడీ మీద ఇవ్వండి. తమిళనాడులోని తిరువణ్ణామలై అమ్మాయి వినీషా ఉమాశంకర్ బడిలో చదువుతుండగానే సోలార్ ఇస్త్రీ బండి తయారు చేసి, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడి వచ్చింది. అట్లాంటివి నాలుగు తెచ్చి మన ఎండల్లో పనిచేస్తాయో లేదో చూసినా పోయేదేం లేదు.

4. కొత్తగా కట్టే కమ్యూనిటీల ప్లానుల్లో క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, కుక్కలు తిరిగే పార్కు చూపిస్తున్నారు. వందల ఇళ్లు కడుతున్నప్పుడు గేటు బయట ఇస్త్రీ వాళ్లకి, కూరగాయల వాళ్లకి, చెప్పులు కుట్టేవాళ్లకి నీడ, ఒక ప్లగ్ పాయింటు ఉన్న జాగా చూపించాలని అనుమతులిచ్చేటప్పుడే షరతు పెట్టండి.

5. ఇది సంఘాల వాళ్లకి. కంపెనీని తీసేయమని మేం అడగడం లేదు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. మా బండి గేటు పక్కన నిలబడితే అభ్యంతరం లేదని ఒక తీర్మానం రాసి మున్సిపాలిటీకి ఇవ్వండి, మీ ఫిర్యాదు మీద తీసేశారు కనుక మీ కాగితం మీద తిరిగి పెట్టగలరు. గేటు లోపలికి రావడానికి పని మనుషులకి ఇచ్చినట్టే మాకూ పాసు ఇవ్వండి. చెట్టు కింద చెత్త అన్నారు, బొగ్గు బూడిద అన్నారు. కరెంటు ఉంటే బూడిదే ఉండదు. ఆ చెట్టుకి ఎండాకాలం నీళ్లు పోసింది కూడా మా అమ్మే, కావాలంటే మీ సెక్యూరిటీని అడగండి.

ఈ లేఖ కాపీ స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాం. నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే అదే చట్టం 20వ సెక్షన్ కింద, జడ్జిగా పనిచేసినవారు అధ్యక్షులుగా ఉండే ఫిర్యాదుల కమిటీకి పోతాం, మా ఊరికి ఆ కమిటీ ఇంకా వేయలేదంటే ఎందుకు వేయలేదని అక్కడి నుంచే మొదలుపెడతాం. మా దగ్గర బట్టలిచ్చే ఇళ్లవాళ్లు ఎవరైనా సంతకం చేస్తామంటే టైర్ల షాపు దగ్గరికి రండి, కాగితం అమ్మ దగ్గర బల్ల కింద ఉంది.

ఇట్లు,
ఇస్త్రీ బండి కుటుంబం తరఫున